నార్మల్ అని వచ్చిన రిపోర్టు: పాత బీపీ ఉన్న ఒక గర్భిణి కేసు

ఈ కేసులో కాన్పు చేయాలా, ఆగాలా అని తేల్చుకోవలసిన రోజు మాకు దారి చూపిన రిపోర్టు ఆ రోజుది కాదు. గర్భం రాకముందు చేయించి ఫైల్లో పెట్టినది. బీపీ ఉన్నవాళ్లు గర్భం కోసం ప్రయత్నించే ముందే డాక్టర్‌ని కలవాలని మేమంతా చెబుతుంటాం. కలిసినప్పుడు ఏం చేయాలో, అది తర్వాత ఎక్కడ పనికొస్తుందో మాత్రం విడమరచి చెప్పం. అందుకే ఈ కేసును మొదటి నుంచి రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను, గుర్తుపట్టే వివరాలు వదిలేశాను. ఇక్కడి డోసులు ఆమె కోసం నిర్ణయించినవి. వీటిని చూసి ఎవరూ తమ మందులు సొంతంగా మార్చుకోవద్దు.

గర్భానికి ముందు

వయసు 32. బీపీ ఉందని 28వ ఏట తెలిసింది. అప్పటి నుంచి రోజూ టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు వేసుకుంటున్నారు, మధ్యమధ్యలో మర్చిపోతూ. షుగర్ లేదు, ఆస్తమా లేదు. ఎత్తుకు తగ్గ బరువు కంటే ఎక్కువే ఉన్నారు. "పిల్లల కోసం ప్రయత్నిద్దామనుకుంటున్నాం డాక్టర్ గారూ, ఈ మాత్ర వేసుకోవచ్చా?" అని అడగడానికే వచ్చారు. ఇలా ముందే వచ్చి అడిగేవాళ్లు చాలా తక్కువ.

వేసుకోకూడదు. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి సార్టాన్లు, ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి ప్రిల్ మందులు గర్భంలో పనికిరావు. మూడు నెలలు దాటాక ఇవి బిడ్డ కిడ్నీల మీద పడతాయి. ఆ దశలో ఉమ్మనీరు చాలావరకు బిడ్డ మూత్రమే. కిడ్నీల పని తగ్గితే ఉమ్మనీరు తగ్గుతుంది, దాంతో ఊపిరితిత్తులు సరిగా ఎదగవు. పుర్రె ఎముకలు కూడా సరిగా ఏర్పడకపోవచ్చు. అయితే మొదటి వారాల్లో తెలియక వేసుకున్నంత మాత్రాన గర్భం తీయించుకోవలసిన అవసరం లేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. భయపడి అబార్షన్ దాకా వెళ్లేవాళ్లు ఉన్నారు, ఉన్న బీపీ మందులన్నీ ఒక్కసారిగా మానేసి ఇంకా పెద్ద ప్రమాదం తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. చేయవలసింది వెంటనే వెళ్లి మందు మార్పించుకోవడం.

ఎప్పుడు మార్చాలన్న విషయంలో డాక్టర్ల మధ్య కొంత తేడా ఉంది. కిడ్నీ జబ్బు ఉండి మూత్రంలో ప్రోటీన్ ఎక్కువగా పోతున్నవాళ్లకు ప్రిల్ మందు కిడ్నీని కాపాడుతుంది. అలాంటివాళ్లలో కొందరికి, నెల తప్పగానే టెస్ట్ చేసుకుంటామన్న మాట తీసుకుని, గర్భం నిర్ధారణ అయ్యేదాకా కొనసాగిస్తాం. ఈమెకు ఆ అవసరం లేదు కాబట్టి ముందే మార్చేశాం. ఆలస్యంగా విడుదలయ్యే నిఫెడిపిన్ 30 మిల్లీగ్రాములు రోజుకు ఒకటి ఇచ్చాం. అది చాలకపోతే లాబెటలాల్ 100 మిల్లీగ్రాములు రెండు పూటలా కలిపాం. ఆస్తమా ఉంటే లాబెటలాల్ జోలికి వెళ్లం. మిథైల్‌డోపా కూడా ఎన్నో ఏళ్లుగా గర్భంలో వాడుతున్న సురక్షితమైన మందే. దానితో మగతగా ఉంటుంది, పగలంతా పని చేసుకునేవాళ్లకు ఇబ్బంది. అటెనలాల్ మాత్రం బిడ్డ ఎదుగుదలను తగ్గించవచ్చు కాబట్టి పెట్టం.

మొదటి రోజు క్లినిక్‌లో బీపీ 152/96. ఆమె చేయి లావుగా ఉంది, వాడిన పట్టీ చిన్నది. చిన్న పట్టీ బీపీని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీతో, ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆని కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, చేయి గుండె ఎత్తులో పెట్టి చూస్తే 144/92 వచ్చింది. గర్భంలో ఇంకో తప్పు జరుగుతుంది. ఎడమవైపు పడుకోబెట్టి పైచేతికి బీపీ చూసి తగ్గిందంటారు. ఆ చేయి గుండె కంటే ఎత్తులో ఉండడం వల్ల వచ్చిన తేడా అది, బీపీ తగ్గింది కాదు. ఇంట్లో మెషీన్ పెట్టుకోమన్నాం. మా మెషీన్ పక్కన పెట్టి రెండింటినీ పోల్చి చూశాం. ఇంట్లో చూసుకున్నప్పుడు 135/85ను క్లినిక్‌లోని 140/90తో సమానంగా లెక్కేసుకోవాలని చెప్పాం.

చిన్న వయసులో బీపీ వచ్చిందంటే దాని వెనక ఏదైనా కారణం ఉందేమోనని ఒకసారి వెతకాలి. కిడ్నీ జబ్బు, కిడ్నీకి వెళ్లే రక్తనాళం సన్నబడడం, అడ్రినల్ గ్రంథి హార్మోన్లు, థైరాయిడ్, నిద్రలో శ్వాస ఆగుతూ ఉండే గురక, గుండె నుంచి వచ్చే పెద్ద ధమని పుట్టుకతోనే ఒకచోట ఇరుకుగా ఉండడం. చివరిది కాళ్లలో నాడి చేతులకంటే బలహీనంగా, ఆలస్యంగా తగలడంతో బయటపడుతుంది. చేత్తో చూస్తే చాలు, అయినా చూడడం మరిచిపోతుంటారు. గర్భం వచ్చాక ఈ వెతుకులాట కష్టం. కొన్ని స్కాన్లు చేయలేం, హార్మోన్ల లెక్కలు మారిపోతాయి. ఈమెలో ఏ కారణమూ దొరకలేదు. ఈసీజీ, ఎకో, కంటి రెటీనా బాగున్నాయి.

అప్పటి అంకెలు: క్రియాటినిన్ (కిడ్నీల పని తగ్గితే రక్తంలో పెరిగేది) 0.7, పొటాషియం 4.1, మూత్రంలో ప్రోటీన్-క్రియాటినిన్ నిష్పత్తి 0.1, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు, లివర్ ఎంజైములు 20 దగ్గర. అన్నీ బాగున్నాయి కదా, ఇన్ని టెస్టులు ఎందుకని ఆమె అడిగారు. బాగున్నాయని రాసి పెట్టుకోవడానికేనని చెప్పాను.

ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టారు. ఉప్పు తగ్గించారు, రోజూ నడిచారు, బరువు కొంత తగ్గారు. మాత్రలు మర్చిపోకుండా వేసుకోవడమే వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం. ఇంట్లో సగటు 126/80కి వచ్చాక ప్రయత్నించమన్నాం. కొన్ని నెలల్లో గర్భం వచ్చింది.

మొదటి సగం

11వ వారంలో క్రియాటినిన్ 0.5. గర్భంలో కిడ్నీలు మామూలు కంటే దాదాపు సగం ఎక్కువ రక్తాన్ని వడపోస్తాయి, అందుకే ఇది తగ్గాలి. తగ్గడమే మంచి లక్షణం. ప్రోటీన్ నిష్పత్తి అలాగే ఉంది.

12వ వారం నుంచి రాత్రి పడుకునే ముందు ఆస్పిరిన్ 150 మిల్లీగ్రాములు ఇచ్చాం. దీని వెనక 2017లో వచ్చిన ఆస్ప్రె అధ్యయనం ఉంది. ముప్పు ఎక్కువున్న గర్భిణులకు 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల దాకా ఇస్తే, 37 వారాలలోపే కాన్పు చేయవలసి వచ్చే ప్రీఎక్లాంప్సియా (మాయ నుంచి మొదలై బీపీ పెంచి, కిడ్నీలను, లివర్‌ను దెబ్బతీసి, ఫిట్స్ దాకా తీసుకెళ్లగల గర్భిణుల జబ్బు) 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. ఇక్కడ ఒక మాట దాచకూడదు. అదే అధ్యయనంలో ముందు నుంచీ బీపీ ఉన్నవాళ్లను విడిగా చూస్తే లాభం అంత స్పష్టంగా కనబడలేదు. అయినా ఇచ్చాం. ఇలాంటివాళ్లకు ఇవ్వాలనే మార్గదర్శకాలు చెబుతున్నాయి, ఈ డోసులో ప్రమాదం చాలా తక్కువ. ఆస్పిరిన్ వేసుకుంటున్నారు కాబట్టి ఇక రాదని మాత్రం మేం ధీమా పడలేదు, ఆమెకూ ఆ ధీమా ఇవ్వలేదు. తిండిలో కాల్షియం తక్కువగా ఉందని తేలింది కాబట్టి కాల్షియం మాత్రలు కూడా పెట్టాం, ఐరన్ మాత్రతో కలిపి కాకుండా వేరే పూట.

18వ వారంలో 108/66. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయన్నారు. ఇంట్లో అందరూ బీపీ పోయిందని సంతోషించారు, మందులన్నీ ఆపేద్దామన్నారు. బీపీ పోలేదు. గర్భం మొదటి సగంలో రక్తనాళాలు వదులై బీపీ దానంతటదే దిగుతుంది, చివరి మూడు నెలల్లో మళ్లీ ఎక్కుతుంది. ఎప్పుడూ బీపీ చూపించుకోని స్త్రీ ఐదో నెలలో మొదటిసారి వస్తే పాత బీపీ కనిపించకుండా పోయేదీ ఇందువల్లే. కింది అంకె 70 కంటే, పై అంకె 110 కంటే తగ్గి అలాగే ఉంటోంది కాబట్టి లాబెటలాల్ ఆపి, నిఫెడిపిన్ ఒక్కటే ఉంచాం.

అంత దిగినప్పుడు అన్నీ ఆపొచ్చు కదా అనే డాక్టర్లూ ఉన్నారు. గర్భంలో బీపీ మరీ తగ్గిస్తే బిడ్డకు రక్తం అందక ఎదుగుదల ఆగుతుందని చాలాకాలం భయపడ్డాం, తీవ్రంగా పెరిగేదాకా మందు ఇవ్వకుండా ఉండేవాళ్లం. 2022లో వచ్చిన చాప్ అధ్యయనం ఆ భయాన్ని చాలావరకు తీర్చింది. అందులో పాత బీపీ ఉన్న గర్భిణులు 2,408 మంది. బీపీని 140/90 కంటే కింద ఉంచినవాళ్లలో తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా, 35 వారాలలోపు చేయక తప్పని కాన్పు, మాయ ముందే విడిపోవడం, బిడ్డ మరణం అన్నీ కలిపి 30.2 శాతం. తీవ్రంగా పెరిగేదాకా మందు లేకుండా ఉంచినవాళ్లలో 37 శాతం. బిడ్డలు చిన్నగా పుట్టడం పెరగలేదు. అందుకే ఇప్పుడు 140/90 దాటనివ్వం.

పెరగడం మొదలైంది

28వ వారంలో 138/88. లాబెటలాల్ మళ్లీ మొదలుపెట్టాం. బిడ్డ ఎదుగుదల స్కాన్ బాగుంది. 31వ వారంలో ఇంటి సగటు 146/92కి వచ్చింది. ఇక్కడే మొదటి చిక్కు. ఇది పాత బీపీ తన దారిన పెరగడమా, లేక దాని మీద ప్రీఎక్లాంప్సియా వచ్చిందా? ముందు నుంచి బీపీ ఉన్నవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి అది వస్తుంది. బీపీ అంకె ఒక్కటే చూసి రెండింటినీ విడదీయలేం. ప్రోటీన్ నిష్పత్తి 0.12, క్రియాటినిన్ 0.5, ప్లేట్‌లెట్లు 2.3 లక్షలు. పాత కాగితం పక్కన పెట్టుకుంటే ఏదీ కదల్లేదు. లాబెటలాల్ 200 మిల్లీగ్రాములు మూడు పూటలా చేశాం, అడ్మిట్ చేయకుండా ఇంటికి పంపాం. వారానికి రెండుసార్లు రమ్మన్నాం. పాత అంకెలు లేకపోతే బహుశా అప్పుడే ఆసుపత్రిలో పెట్టి, ఒక్కో రోజూ టెన్షన్ పడుతూ గడిపేవాళ్లం.

ఎప్పుడు ఆగకుండా రావాలో కాగితం మీద రాసి ఇచ్చాం: బీపీ పై అంకె 160 గాని కింది అంకె 110 గాని తాకితే, మాత్రకు తగ్గని తలనొప్పి వస్తే, చూపు మసకబారినా మెరుపుల్లా కనిపించినా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే, ఆయాసం వస్తే, బిడ్డ కదలిక తగ్గితే. కాళ్ల వాపును ఆ జాబితాలో రాయలేదు. అది మామూలు గర్భాల్లోనూ వస్తుంది, అది లేకుండానూ ప్రీఎక్లాంప్సియా వస్తుంది. ఒక్కసారిగా ముఖం ఉబ్బితే మాత్రం చెప్పమన్నాం.

34 వారాల 2 రోజులు

ఉదయం తలనొప్పితో లేచారు. మెషీన్‌లో 164/108. పారాసిటమాల్ వేసుకుని పడుకోకుండా బయలుదేరి రావడం ఆమె చేసిన గొప్ప పని. ఇక్కడ 168/112, పదిహేను నిమిషాల తర్వాత 166/110. ఇంత బీపీ ఉంటే అరగంట నుంచి గంటలోపు మందు పడాలి. గర్భిణుల్లో మెదడులో రక్తస్రావానికి దారితీసేది ఈ స్థాయే. రక్తపరీక్షల కోసం ఆగకూడదు. నాడి 60 కంటే ఎక్కువే ఉందని చూసుకుని లాబెటలాల్ 20 మిల్లీగ్రాములు రక్తనాళంలోకి ఇచ్చాం, పది నిమిషాలకు 40. బీపీ 148/94కి దిగింది. అక్కడ ఆపేశాం. 120/80 దాకా ఒక్కసారిగా దించితే మాయకు వెళ్లే రక్తం పడిపోతుంది, బిడ్డ గుండె చప్పుడు తగ్గుతుంది. ఇంజెక్షన్ దొరకని చోట మామూలు నిఫెడిపిన్ 10 మిల్లీగ్రాములు మింగిస్తే సరిపోతుంది. నాలుక కింద మాత్రం పెట్టకూడదు.

రిపోర్టులు వచ్చాక డ్యూటీ డాక్టర్ ఫోన్ చేశారు. "అన్నీ నార్మలే మేడమ్, ప్రోటీన్ ఒక్కటే ఉంది." ప్రోటీన్ నిష్పత్తి 0.6. క్రియాటినిన్ 1.0, ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు, లివర్ ఎంజైములు 38. ఈ మూడింటి పక్కనా ల్యాబ్ ఏ గుర్తూ పెట్టలేదు. ల్యాబ్ హద్దులు గర్భం లేని స్త్రీలను చూసి పెట్టినవి, ఆ హద్దుల్లో ఇవి నిజంగానే నార్మల్. కానీ ఈమె క్రియాటినిన్ 0.5 నుంచి 1.0 అయింది. రెట్టింపు. ప్లేట్‌లెట్లలో మూడో వంతు పోయాయి. లివర్ ఎంజైములు కూడా దాదాపు రెట్టింపయ్యాయి. మూడూ ఒకేసారి చెడు వైపుకు కదిలాయంటే మాయ నుంచి మొదలైన జబ్బు ఒళ్లంతా పాకుతోందని అర్థం.

పాత అంకెలు లేవనుకుందాం. ప్రోటీన్ ఎప్పటి నుంచో పోతోందేమో, క్రియాటినిన్ 1.0 ఆమెకు మామూలేమో, ఇది పాత బీపీ అదుపు తప్పడం మాత్రమేనేమో అనుకోవచ్చు. అప్పుడు మందు పెంచి ఇంకో రెండు వారాలు నెట్టడం తప్పనిపించదు. ఆ రెండు వారాల్లోనే ఫిట్స్ రావచ్చు, మాయ విడిపోవచ్చు. ఈమెకు వచ్చింది పాత బీపీ మీద తీవ్రమైన లక్షణాలతో ప్రీఎక్లాంప్సియా, గర్భం 34 వారాలు దాటింది. ఈ పరిస్థితిలో తల్లిని స్థిరపరచి కాన్పు చేయడమే వైద్యం.

"రిపోర్టులు నార్మల్ అన్నారు కదా మేడమ్, ఇంకొన్నాళ్లు ఆగితే బిడ్డ బరువు పెరగదా?" అని ఆమె భర్త అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మూడు కాగితాలూ వరుసగా పెట్టి అంకెలు చూపించాం: గర్భానికి ముందు, 31 వారాలు, ఈ రోజు. ఇంకేం వివరించవలసిన పని రాలేదు.

మెగ్నీషియం సల్ఫేట్ 4 గ్రాములు నెమ్మదిగా రక్తనాళంలోకి, తర్వాత గంటకు ఒక గ్రాము. ఫిట్స్ రాకుండా ఆపడానికి ఇంతకంటే మంచి మందు లేదు. 33 దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీలతో చేసి 2002లో ప్రచురించిన మ్యాగ్‌పై అధ్యయనం ఫిట్స్ ముప్పును ఇది సగానికి పైగా తగ్గిస్తుందని తేల్చింది. ఇది బీపీ తగ్గించే మందు కాదు, బీపీ మందులు వేరే ఇవ్వాలి. క్రియాటినిన్ పెరిగిన మనిషిలో మెగ్నీషియం ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి గంటగంటకూ మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, మూత్రం చూశాం. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్‌ను మంచం పక్కనే ఉంచాం. సెలైన్ గంటకు మొత్తం 80 మిల్లీలీటర్లు దాటనివ్వలేదు. మూత్రం తక్కువగా వస్తోందని సెలైన్ ఎక్కిస్తూ పోతే ఈ జబ్బులో ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

ప్రీఎక్లాంప్సియా అనగానే సిజేరియన్ అవసరం లేదు. బిడ్డ గుండె చప్పుడు బాగుంది, గర్భాశయ ముఖద్వారం కొంత మెత్తబడింది. నొప్పులు తెప్పించాం, మర్నాడు మామూలు కాన్పు అయింది. పాప బరువు 1.9 కిలోలు, పుట్టగానే ఏడ్చింది, కొన్నాళ్లు ఎన్ఐసీయూలో ఉంది. మాయ పడ్డాక రక్తస్రావం ఆపడానికి ఆక్సిటోసిన్ ఇచ్చాం. అదే పనికి వాడే మిథైల్ ఎర్గోమెట్రిన్ మాత్రం వద్దని కేస్ షీట్ మొదటి పేజీలోనే రాసి ఉంచాం. బీపీ ఉన్నవాళ్లకు ఆ ఇంజెక్షన్ పడితే బీపీ ఒక్కసారిగా ఆకాశానికి వెళ్తుంది. కాన్పు గదిలో అది అలవాటుగా చేతికొచ్చే మందు కాబట్టే ముందే రాయాలి.

కాన్పు తర్వాత

మెగ్నీషియం 24 గంటలు కొనసాగించాం. రెండో రోజు బీపీ 136/86, ఆమె ఇంటికి వెళ్తామన్నారు. పంపలేదు. కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు వరకు బీపీ మళ్లీ ఎక్కుతుంది, గర్భంలో ఒంట్లో చేరిన నీరంతా అప్పుడు రక్తంలోకి తిరిగి వస్తుంది కాబట్టి. నాలుగో రోజు 158/100. నిఫెడిపిన్‌ను 60 మిల్లీగ్రాములు చేసి, లాబెటలాల్ కొనసాగించాం. బాలింతల్లో ఎనలాప్రిల్ మంచి మందు, పాలిస్తూ వాడవచ్చు. అయితే ఈ పాప నెలలు నిండకుండా పుట్టింది. అలాంటి పిల్లల్లో పాల ద్వారా అందిన కొద్దిపాటి మందుకే బీపీ పడిపోతుందేమోనన్న జాగ్రత్తతో దాన్ని కొన్ని వారాలు వాయిదా వేశాం. నొప్పికి పారాసిటమాల్ మాత్రమే ఇచ్చాం, క్రియాటినిన్ దిగేదాకా డైక్లోఫెనాక్ లాంటివి వద్దన్నాం.

ఇంటికి వెళ్లాక కూడా తలనొప్పి, చూపు మసక వస్తే రమ్మని చెప్పి పంపాం. కాన్పయ్యాక కూడా ఫిట్స్ రావచ్చు. ఆ సమయంలో అందరి కళ్లూ బిడ్డ మీదే ఉంటాయి. తల్లి తలనొప్పి నిద్రలేక వచ్చిందనుకుంటారు. వేరే ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే కాన్పయి ఎన్ని రోజులైందో ముందుగా చెప్పమని భర్తకు ప్రత్యేకంగా చెప్పాం.

ఆరు వారాలకు క్రియాటినిన్ 0.7, ప్రోటీన్ నిష్పత్తి 0.14, ప్లేట్‌లెట్లు 2.5 లక్షలు. పాత చోటికి వచ్చేశాయి. ప్రోటీన్ మూడు నెలలకూ తగ్గకపోతే కిడ్నీ డాక్టర్‌కు చూపించాలి, ఆ అవసరం పడలేదు. గర్భనిరోధానికి ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు బీపీని పెంచుతాయి కాబట్టి వాటిని పక్కన పెట్టాం. ఆమె కాపర్ టీ ఎంచుకున్నారు.

ఇలాంటి గర్భం గడిచిన స్త్రీకి ముందు ముందు గుండెజబ్బు, పక్షవాతం ముప్పు మిగతావాళ్లకంటే ఎక్కువ. ఈ విషయం గైనిక్ ఫైల్లోనే ఆగిపోకుండా ఆమెను ఇకపై చూసే ఫిజీషియన్‌కు ఉత్తరం రాశాను, అందులో మూడు దశల అంకెలూ ఇచ్చాను. ఏడాదికోసారి కొలెస్ట్రాల్, షుగర్, క్రియాటినిన్ చూడాలని రాశాను. ప్రస్తుతం నిఫెడిపిన్ 30 మిల్లీగ్రాములు, ఎనలాప్రిల్ 5 మిల్లీగ్రాములు వేసుకుంటున్నారు, ఇంటి సగటు 128/82. పాప తల్లి పాలే తాగుతోంది, బరువు బాగా పెరుగుతోంది.